వెనక ఎవరున్నారో చూసుకో
టెక్సాస్‌లో ఎమ్మెస్ చదువుతున్న నా పాత విద్యార్థి రాత్రి ఫోన్ చేశాడు. అక్కడ నడుముకు పిస్టల్ కనబడేలా పెట్టుకుని కిరాణా షాపుకొస్తారట. 2021 నుంచి చాలామందికి లైసెన్సు కూడా అక్కర్లేదు. "ఇదిరా స్వేచ్ఛంటే" అని వాడి రూమ్మేట్లు మురిసిపోతున్నారు. శిక్షకులు చెప్పేది ఒకటే: చుట్టూ గమనించు, పిస్టల్ ఉన్న పక్కకి ఎవర్నీ రానివ్వకు, వెనక ఎవరున్నారో చూసుకో.

నవ్వొచ్చింది నాకు. ఏ అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూసి నడవమని మా అమ్మ ఏ పిస్టలూ లేకుండానే నేర్పింది.

ఒహాయోలోనూ బాహాటంగా తుపాకీ పట్టుకు తిరగొచ్చు. 2014 ఆగస్టులో అక్కడి వాల్‌మార్ట్‌లో జాన్ క్రాఫర్డ్ అనే 22 ఏళ్ల నల్లజాతి యువకుడు, షాపువాళ్లే అమ్మకానికి పెట్టిన ఎయిర్‌గన్ చేత్తో పట్టుకుని ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. ఎవరో పోలీసులకు చెప్పారు. వాళ్లొచ్చి క్షణాల్లో కాల్చి చంపారు. కాల్చినవాడి మీద గ్రాండ్ జ్యూరీ నేరం మోపలేదు. అతను ఇంకా ఏం గమనించుకోవాల్సింది? తన ఒంటి రంగునా?

బ్లాక్ పాంథర్లు తుపాకులతో పోలీసుల మీద నిఘా పెట్టగానే కాలిఫోర్నియాకి ఆ హక్కు ప్రమాదంగా కనిపించింది. లోడు చేసిన తుపాకీతో బహిరంగంగా తిరగడాన్ని 1967లో నిషేధించారు. సంతకం గవర్నర్ రీగన్‌ది.

"మీ రూమ్మేట్లకి ఇది చెప్పు" అన్నాను.

"తెలియక కాదు సార్" అన్నాడు.