‘ఏమో’ అంటే సున్నా మార్కులా?

గుంటూరు వైపు మిరప కోతలకి పోయే ఒక అక్కని ఊహించుకోండి. 34 ఏళ్లు. (ఆధార్‌లో పుట్టినరోజు జనవరి 1. మనవాళ్లలో చాలామందికి అదే కదా.) సన్నగా ఉంటుంది, నడుము 70 సెంటీమీటర్లు దాటదు. తెల్లారకముందే ఆటో ఎక్కి పొద్దుగూకేదాకా వంగి కాయ కోస్తుంది. అమ్మానాన్నలకి షుగర్ ఉందా అంటే "ఏమో" అంటుంది. వాళ్లకి ఏనాడూ ఎవరూ రక్తం తీసి చూడలేదు మరి.

ఇప్పుడు ఈ అక్కకి మార్కులు వేద్దాం. షుగర్ ముప్పు లెక్కగట్టడానికి 2005లో చెన్నైలో డాక్టర్ వి. మోహన్ బృందం ఐడీఆర్‌ఎస్ అనే స్కోరు తయారుచేసింది. నాలుగే ప్రశ్నలు: వయసు, నడుము, ఒళ్లు కష్టం, అమ్మానాన్నల షుగర్. మొత్తం 100. 60 వస్తే ముప్పు ఎక్కువ. అక్కకి 35 నిండలేదు, 0. నడుము 80 లోపు, 0. రెక్కల కష్టం, 0. ఆ "ఏమో"ని లేదనే రాసుకుంటారు, అదీ 0.

నూటికి సున్నా! అంటే అక్క నిక్షేపంగా ఉన్నట్టు.

చెన్నై నగర జనం లెక్కల మీద కట్టిన కొలబద్ద అది, అక్కడికి పనికొస్తుంది. బొల్లాపల్లి తండాకో, దోర్నాల చెంచుగూడేనికో అదే తెచ్చి పెడితే మనకి ఆసుపత్రి అందకపోవడమే మన ఆరోగ్యంగా లెక్కకొస్తుంది. నా గొడవంతా ఇదే.

ఆశా అక్కలు నింపే సి-బ్యాక్ ఫారం కూడా ఈ దారిదే. 30 దాటిన అందరికీ పరీక్ష చేయాలి, స్కోరు 4 దాటినవాళ్లకి ముందు చేయాలి అన్నది రూలు. మన అక్కకి అందులో వచ్చేది 1. ‘తర్వాత’ అనే మాటకి మన దగ్గర అర్థం ఏంటో మీకు తెలుసు. (ఆశా అక్కని అనడం లేదు, ఆమె చేతిలో పెట్టిన కాగితాన్ని అంటున్నా.)

పోనీ లక్షణాలు అడిగి కనిపెడదామా? అరచేతుల్లో మంట, తిమ్మిరి ఉందా అంటే, కాయ కోసే చేతులకి మంట ఎప్పుడు లేదు? ఎక్కువసార్లు ఒంటేలుకి వెళ్తున్నావా అంటే, చేలో మరుగు లేక పొద్దుటినుంచి నీళ్లే తాగని మనిషి ఏం చెప్పాలి?

సన్నగా ఉంటే షుగర్ రాదన్నది పాత మాట. పైకి సన్నగా కనిపించే మన దేశపు ఒళ్లల్లో లోపల కొవ్వు ఎక్కువని పుణె డాక్టర్ యాజ్ఞిక్ ఏళ్లుగా చెబుతున్నారు. తిండిలేమితో ముడిపడ్డ షుగర్‌ని 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ‘టైప్ 5’గా గుర్తించింది. ఐడీఆర్‌ఎస్‌లో తిండి ఊసే లేదు. జొన్న, సజ్జ పోయి మూడు పూటలా రేషన్ బియ్యం అయిందన్న సంగతి ఆ కాగితానికి తెలీదు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందా అని కూడా అడగదు. అలా వచ్చినవాళ్లకి తర్వాత ముప్పు ఎక్కువని డాక్టర్లే చెబుతారు.

కడుపుతో ఉన్నవాళ్లకి మాత్రం సర్కారు మార్గదర్శకాల్లో మార్కుల గోల లేదు. ప్రతి గర్భిణికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, 2 గంటలకి రక్తం చూడమన్నారు. అప్పుడు అక్కర్లేని స్కోరు కాన్పయ్యాక ఎందుకు?

ఫారంలో ‘తెలియదు’ అనే గడి పెట్టండి, దానికి సున్నా వేయకండి. స్కోరుతో పనిలేకుండా అందరికీ వేలి చుక్క చూడండి. అనుమానం వస్తే పరగడుపు పరీక్ష అక్కడే ఏర్పాటు చేయండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ పీహెచ్‌సీలో ఇది రాతపూర్వకంగా అడగండి. కోతల కాలంలో పగలు పదకొండుకి వస్తే తండాలో ముసలాళ్లు, మేకలే ఉంటాయి. గ్లూకోమీటర్ పట్టుకుని చీకటి పడ్డాక కూలోళ్ల గుడిసెల దగ్గరికి రమ్మనండి.