పోయిన ఫైలు కూడా సాక్ష్యమే

2023 మార్చి 3న అమెరికా అధ్యక్ష భవనంలో 83 ఏళ్ల విశ్రాంత కర్నల్ ప్యారిస్ డేవిస్‌కు ఆ దేశపు అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ లభించింది. ఆ పతకానికి కారణమైన పోరాటం జరిగింది 1965 జూన్‌లో, వియత్నాంలోని బాంగ్ సాన్ దగ్గర. దాదాపు 19 గంటలు సాగిన ఆ పోరులో అప్పటి కెప్టెన్ డేవిస్ తాను గాయపడి కూడా, కదలలేని స్థితిలో ఉన్న తన దళ సభ్యులను తూటాల మధ్య నుంచి వెనక్కి తీసుకొచ్చారు. వెంటనే వెనక్కి రమ్మన్న పై అధికారి ఆదేశాన్ని పాటించలేదు. తన మనిషి ఒకడు ఇంకా అక్కడే ఉన్నాడన్నది ఆయన చెప్పిన కారణం. పోరు ముగిసిన వెంటనే ఆయన పేరు అత్యున్నత పురస్కారానికి సిఫారసు అయింది. ఆ కాగితాలు కనిపించకుండా పోయాయి. 1969లో సైన్యం విచారణ జరిపి సిఫారసును మళ్లీ పంపమంది. రెండోసారి పంపిన కాగితాలు కూడా పోయాయి. ఆయనకు అప్పట్లో దక్కింది సిల్వర్ స్టార్ మాత్రమే. డేవిస్ నల్లజాతీయుడు, స్పెషల్ ఫోర్సెస్‌లో తొలితరం నల్లజాతి అధికారుల్లో ఒకరు.

ఫైలు ఒకసారి పోతే పొరపాటు అనుకోవచ్చు. రెండుసార్లు పోయిన తర్వాత కూడా దాన్ని పొరపాటనే అనాలంటే, పోయిన ఇతర ఫైళ్లు ఎవరివో చూడాలి. అలా చూడడానికి అమెరికా ప్రభుత్వానికి చాలా కాలం పట్టింది. చూసిన తర్వాత అది ఏం చేసింది, ఇప్పుడు మళ్లీ ఏం చేస్తోంది అన్నది కుల వివక్షను, ప్రతిభ పేరిట జరిగే వాదాలను గమనించే వారందరికీ పనికివచ్చే పాఠం.

యుద్ధభూమిలో చూపిన శౌర్యం వేరు, కాగితం మీదికి ఎక్కిన శౌర్యం వేరు. సైనికుడు ప్రాణాలకు తెగించడం మొదటి మెట్టు. దాన్ని చూసినవారు వాంగ్మూలం ఇవ్వాలి. ఒక అధికారి సిఫారసు రాయాలి. ఆ సిఫారసు బెటాలియన్‌ను, డివిజన్‌ను దాటి రాజధానికి చేరాలి. ప్రతి మెట్టు మీదా ఒక మనిషి కూర్చుని ఉంటాడు. ఇది అంత గొప్ప సాహసమా అన్న సందేహం ఆ మనిషికి కలిగితే చాలు, ఫైలు ఆగిపోతుంది. ఆగినందుకు ఎవరూ కారణం రాయనక్కరలేదు. అన్యాయమైన ఉత్తర్వు చేతిలో ఉంటే దాన్ని పట్టుకుని న్యాయస్థానానికి వెళ్లవచ్చు. అసలు రాయని కాగితాన్ని పట్టుకుని ఎక్కడికి వెళ్లగలం?

ఇలాంటి బాధితుల కోసం అమెరికాలో ఒక మార్గం ఉంది. 1946 చట్టం ప్రకారం సైనిక రికార్డుల సవరణ మండళ్లు ఏర్పడ్డాయి. అంతకుముందు ఒక్కొక్క సైనికుడి కోసం కాంగ్రెస్‌లో ప్రత్యేక బిల్లు తేవలసి వచ్చేది. పౌరులే సభ్యులుగా ఉండే ఈ మండళ్లకు రికార్డులోని తప్పును గానీ అన్యాయాన్ని గానీ సరిదిద్దే అధికారం ఉంది. తప్పుతో పాటు అన్యాయం అన్న మాటను కూడా చట్టంలో చేర్చడం గొప్ప విషయమే. అయితే తప్పును కనుగొన్న మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలన్నది నియమం. ఆలస్యాన్ని మన్నించే వీలున్నా అది మండలి విచక్షణకు లోబడిన సంగతి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఉన్న రికార్డు సరైనదేనన్న భావనతో మండలి విచారణ మొదలుపెడుతుంది. అది తప్పని నిరూపించే భారం దరఖాస్తుదారు మీదే పడుతుంది. కాలపరిమితి దాటిన పతక సిఫారసును తిరిగి పరిశీలించాలంటే అది కాంగ్రెస్ సభ్యుడి ద్వారా రావాలి. అంటే ఎవరి మాట ఎవరూ వినలేదో వారే పలుకుబడి సంపాదించాలి, ఎవరి కాగితాలు పోయాయో వారే కాగితాలు తేవాలి.

1973 జులై 12న సెయింట్ లూయిస్ నగరంలోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి 1.6 కోట్ల నుంచి 1.8 కోట్ల సైనిక ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నవంబరు నుంచి 1960 జనవరి వరకు పదాతి సైన్యం నుంచి విడుదలైన వారి పత్రాల్లో దాదాపు 80 శాతం పోయాయి. నిప్పుకు జాతి తెలియదు కనుక అన్ని జాతుల వారి ఫైళ్లూ కాలాయి. కానీ పత్రికలు రాసినవారికి, పై అధికారులు ఉత్తరాలు రాసినవారికి, కుటుంబంలో చదువుకున్నవారు ఉన్నవారికి వేరే ఆధారాలు మిగిలాయి. రికార్డు తప్ప మరో సాక్షి లేనివారు పూర్తిగా నష్టపోయారు.

రికార్డులో ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో హెన్రీ జాన్సన్ జీవితం చెబుతుంది. మొదటి ప్రపంచయుద్ధంలో తెల్లవారి పక్కన నల్లవారు పోరాడడం ఇష్టంలేని అమెరికా సైన్యం ఆయన పనిచేసిన 369వ పదాతి రెజిమెంట్‌ను ఫ్రెంచి సైన్యానికి అప్పగించింది. 1918 మేలో ఆర్గాన్ అడవుల దగ్గర జర్మన్ దళం రాత్రివేళ దాడి చేసినప్పుడు జాన్సన్ చివరికి కత్తితో పోరాడి తోటి సైనికుణ్ని కాపాడాడు. ఆయన ఒంటిమీద 21 గాయాలు. ఫ్రాన్స్ తన యుద్ధ పతకాన్ని ఇచ్చి గౌరవించింది. స్వదేశం ఇచ్చిన విడుదల పత్రంలో మాత్రం గాయాల ప్రస్తావనే లేదు. గాయం రికార్డులో లేకపోవడంతో ఆ గాయాలకు తగిన గుర్తింపు స్వదేశంలో ఆయన బతికుండగా రాలేదు. యుద్ధానికి ముందు రైల్వే స్టేషన్‌లో సామాన్లు మోసి బతికిన ఆ మనిషి ఆ పనికి కూడా శరీరం సహకరించక 1929లో పేదరికంలో మరణించాడు. పర్పుల్ హార్ట్ 1996లోనూ, డిస్టింగ్విష్డ్ సర్వీస్ క్రాస్ 2002లోనూ, మెడల్ ఆఫ్ ఆనర్ 2015లోనూ ఆయనకు ప్రకటించారు. రికార్డు తప్పు అంటే గౌరవానికి మాత్రమే సంబంధించిన వ్యవహారమనుకునేవారు ఈ క్రమాన్ని గుర్తుంచుకోవాలి. ముందు పోయింది అన్నం, తర్వాత ప్రాణం. చివరికి తిరిగొచ్చినది పతకం.

రెండో ప్రపంచయుద్ధంలో 12 లక్షలకు పైగా నల్లజాతి అమెరికన్లు సేవలందించారు. ఆ యుద్ధంలో చూపిన శౌర్యానికి 400కు పైగా మెడల్ ఆఫ్ ఆనర్ పతకాలు ఇచ్చారు. నల్లజాతి సైనికులకు అప్పట్లో ఇచ్చినవి సున్నా. ఈ సున్నాను ఒక్కొక్క వ్యక్తి దరఖాస్తుతో ప్రశ్నించడం సాధ్యం కాదు. అందుకే 1993లో సైన్యం నార్త్ కరోలినాలోని నల్లజాతి విద్యాసంస్థ షా విశ్వవిద్యాలయానికి దీనిపై అధ్యయనాన్ని అప్పగించింది. నల్లజాతి సైనికులను ఆ పతకానికి సిఫారసు చేసిన పత్రాలేవీ అభిలేఖాగారాల్లో పరిశోధకులకు దొరకలేదు. మామూలు మండలి అయితే అక్కడితో దస్త్రం మూసేసేది. పరిశోధకులు ఆ లేమినే ప్రశ్నగా తీసుకున్నారు. ఫ్రాన్స్‌లో కాలికి తీవ్ర గాయమైనా వెనక్కి వెళ్లడానికి నిరాకరించి 1944 నవంబరులో మరణించిన ట్యాంకు దళ సార్జెంట్ రూబెన్ రివర్స్ విషయంలో, తాను సిఫారసు చేశానని శ్వేతజాతి కంపెనీ కమాండరే చెబుతూ వచ్చారు. ఆ కాగితం ఎక్కడా లేదు. వివక్ష అలముకున్న నాటి సైనిక వాతావరణమే ఈ సున్నాకు కారణమని అధ్యయనం తేల్చింది. పది మంది పేర్లు సూచించింది. వారిలో ఏడుగురికి 1997 జనవరి 13న పతకాలు దక్కాయి. అందుకోవడానికి బతికి ఉన్నది వెర్నన్ బేకర్ ఒక్కరే.

ఈ పతకాల కోసం ప్రమాణాలు తగ్గించారా? లేదు. సూచించిన పది మందిలో ముగ్గురికి పతకం రాకపోవడమే అందుకు రుజువు. కొలబద్ద పాతదే. మారిందల్లా ఒకటే. నిరూపించే భారాన్ని బాధితుడి భుజం మీది నుంచి తీసి, వెతికే బాధ్యతను వ్యవస్థ తన మీద వేసుకుంది. అదే పద్ధతిలో 2000లో 22 మంది ఆసియా సంతతి సైనికులకూ, యూదు, హిస్పానిక్ సైనికుల రికార్డులను తిరగేసిన తర్వాత 2014లో 24 మందికీ పతకాలు లభించాయి. అన్యాయం సమూహానికి జరిగినప్పుడు దిద్దుబాటు కూడా సమూహాన్ని చూసే జరగాలన్న సూత్రం ఇందులో ఉంది. వ్యక్తిగా పోరాడిన డేవిస్‌కు 57 ఏళ్లకు పైగా పట్టింది. అది కూడా ఆయన పాత సహచరులూ స్వచ్ఛంద మిత్రులూ ఏళ్ల తరబడి కాగితాలు పోగుచేసి పంపితేనే సాధ్యమైంది.

దిద్దిన రికార్డు కూడా శాశ్వతం కాదని 2025 చూపించింది. కాన్ఫెడరేట్ సేనాని పేరు మీద ఉన్న లూసియానా సైనిక స్థావరం ఫోర్ట్ పోల్క్‌కు 2023లో హెన్రీ జాన్సన్ పేరు పెట్టారు. ట్రంప్ ప్రభుత్వం 2025లో ఆ పేరు తీసేసి, అదే ఇంటిపేరున్న మరో సైనికాధికారిని చూపి మళ్లీ ఫోర్ట్ పోల్క్ అన్నది. అదే ఏడాది మార్చిలో, వియత్నాంలో మెడల్ ఆఫ్ ఆనర్ పొందిన నల్లజాతి మేజర్ జనరల్ చార్లెస్ రోజర్స్ గురించిన పుట రక్షణశాఖ వెబ్‌సైటు నుంచి మాయమైంది. విమర్శలు వచ్చాక తిరిగి కనిపించింది. వైవిధ్యం పేరు చెప్పి అనర్హులను అందలం ఎక్కించారన్న ప్రచారం చివరికి తూటాలకు ఎదురు నిలిచినవాడి అర్హతను కూడా శంకించే దాకా వెళుతుంది. మన రిజర్వేషన్ చర్చల్లో ఇదే స్వరం మనకు కొత్తేమీ కాదు.

మన సైనిక చరిత్రలో కథ కొంత తలకిందులుగా నడిచింది. నల్లజాతి సైనికులకు రికార్డే లేకుండా పోయింది. మన దగ్గర రికార్డు రాతి మీద చెక్కి ఉన్నా లాభం లేకపోయింది. 1818 జనవరి 1న జరిగిన కోరెగాం యుద్ధపు స్మారక స్తంభం మీద ఉన్న 49 పేర్లలో 22 మహర్లవి. అయినా మార్షల్ జాతుల సిద్ధాంతం బలపడిన 1890వ దశకం తొలినాళ్లలో మహర్ల భర్తీని బ్రిటిష్ సైన్యం ఆపేసింది. విశ్రాంత సైనికుడు గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో దీనిపై వినతిపత్రం రాశారు. అదీ ఒక రకంగా రికార్డు సవరణ దరఖాస్తే. దానికి ఫలితం లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో మనుషులు అవసరమై 1917లో మహర్ దళాన్ని ఏర్పాటుచేసి, యుద్ధం ముగిశాక రద్దు చేశారు. 1941లో మళ్లీ మహర్ రెజిమెంట్ పెట్టారు. 1943లో ఏర్పడి బర్మా రంగంలో పోరాడిన చమార్ రెజిమెంట్‌ను 1946లో తీసేశారు. అదే సిద్ధాంతం వల్ల మద్రాసు సైన్యంలో తెలుగువారి భర్తీ కూడా కుంచించుకుపోయింది. దక్షిణాది సిపాయి యుద్ధానికి పనికిరాడని తీర్మానించినవారిలో మద్రాసు సేనానిగా పనిచేసిన రాబర్ట్స్ ముఖ్యుడు. సుబేదారు కుమారుడైన అంబేడ్కర్ 1927లో కోరెగాం స్తంభాన్ని సందర్శించడం ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవలసిన చర్య. ఆ సైనికులు వలస పాలకుల పక్షాన పోరాడారు కదా అన్న ప్రశ్న ఉంది. డేవిస్ పోరాడిన వియత్నాం యుద్ధమూ న్యాయమైనదేమీ కాదు. యుద్ధపు తప్పొప్పులను ఎంచడం ఒక పని. ఒకే యుద్ధంలో ఒకే సాహసానికి రెండు కొలతలు పెట్టడాన్ని ప్రశ్నించడం మరో పని. రెండూ చేయవచ్చు.

ఇప్పుడు సైన్యాన్ని వదిలి మన విశ్వవిద్యాలయాల వైపు చూద్దాం. రిజర్వుడు అధ్యాపక పోస్టుకు ఇంటర్వ్యూ జరుగుతుంది. నెట్ పాసై, పీహెచ్‌డీ చేసి వచ్చిన అభ్యర్థుల ఎదుట 'తగిన అభ్యర్థి లభించలేదు' అన్న ఒక్క వాక్యం రాసి పోస్టును ఖాళీగా వదిలేస్తారు. ఆ వాక్యం వెనుక ఏ ప్రశ్న అడిగారో, ఏ జవాబు చాలలేదో రికార్డు ఉండదు. అభ్యర్థి న్యాయస్థానానికి వెళితే వివక్షను నువ్వే నిరూపించమంటారు. కొన్నేళ్లకు అదే ఖాళీని చూపి, ఆ వర్గాల్లో అర్హులు లేరని వాదిస్తారు. సిఫారసు రాయకపోవడం, రాయలేదు కనుక శౌర్యమే లేదనడం: డేవిస్ తరం సైనికులకు జరిగింది సరిగ్గా ఇదే.

కాబట్టి విద్యార్థి ఉద్యమాలు అడగవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. నిరాకరించిన ప్రతిసారీ కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. వ్యక్తిగత ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా, ఒక సామాజిక వర్గానికి ఏళ్ల తరబడి సున్నా వస్తున్నచోట సంస్థతో సంబంధం లేని బయటి పరిశోధకులతో రికార్డులను తిరగేయించాలి. ఆ సున్నాను అర్హత లేదనడానికి రుజువుగా కాకుండా, సంస్థ జవాబు చెప్పవలసిన ప్రశ్నగా చూడాలి. షా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేసింది ఇంతే. ఆ పని యాభై ఏళ్లు ఆలస్యంగా జరగడం వల్ల ఏడు పతకాల్లో ఆరు సమాధులకు చేరాయి. ఈరోజు ఖాళీగా వదిలేసిన పోస్టుకు వయసు మీరకముందే చేరగలిగిన వారు మన మధ్య ఇంకా ఉన్నారు.