యంత్రం పక్కన ఎవరున్నారు?

పెరూ దేశంలో గ్రామీణ ప్రాథమిక బడులకు లాప్‌టాప్‌లు చేరిన పదేళ్ల తర్వాత, ఆ పిల్లల చదువు ఎంతవరకు సాగిందో పరిశోధకులు ఆరా తీశారు. లాప్‌టాప్‌లు అందిన బడుల్లో చదివినవారికీ అందని బడుల్లో చదివినవారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంటర్ అమెరికన్ అభివృద్ధి బ్యాంకు 319 బడుల్లో జరిపించి 2012లో వెలువరించిన తొలి అధ్యయనంలోనూ అంతే. లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదు. ఆలోచనా శక్తిని కొలిచే పరీక్షల్లో మాత్రం కాస్త మెరుగుదల కనిపించింది. దాదాపు 9 లక్షల యంత్రాలు కొన్న దేశానికి దక్కిన ఫలితం ఇది.

ఆ యంత్రాన్ని తప్పుపట్టలేం. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన నికొలస్ నెగ్రొపాంటె 2005లో ‘పిల్లకో లాప్‌టాప్’ పథకాన్ని ప్రకటించారు. వంద డాలర్లకే ఇస్తామన్నారు. తయారీ మొదలయ్యేసరికి ధర 188 డాలర్ల దాకా వెళ్లినా, ఎక్స్ఓ పేరుతో వచ్చిన ఆ ఆకుపచ్చ, తెలుపు లాప్‌టాప్‌ను పల్లెటూరి పిల్లల్ని దృష్టిలో పెట్టుకునే తయారుచేశారు. మిట్టమధ్యాహ్నం ఎండలో కూర్చున్నా తెర మీది అక్షరాలు చదవొచ్చు. కీబోర్డులోకి దుమ్ము, నీళ్లు దూరకుండా రబ్బరు పొర ఉంటుంది. రెండు చెవుల్లా పైకి లేచే యాంటెన్నాలతో, ఇంటర్నెట్ లేకపోయినా, పక్క పిల్లవాడి లాప్‌టాప్‌తో కలుస్తుంది. పిల్లలు తమ చేతులతో ఏదైనా తయారుచేస్తూ నేర్చుకుంటారన్న సేమూర్ పాపర్ట్ ఆలోచనలు దీనికి పునాది. గొప్ప ఆలోచనే. కానీ పెరిగే క్రమంలో అది, పిల్లల చేతికి యంత్రమిస్తే చాలు, టీచరు లేకపోయినా చదువు వచ్చేస్తుందన్న నమ్మకంగా మారిపోయింది. టాబ్లెట్లను హెలికాప్టర్ నుంచి ఊళ్లలో జారవిడుస్తామని 2011లో నెగ్రొపాంటె అన్నారంటే ఆ నమ్మకం ఎంత దూరం పోయిందో తెలుస్తుంది.

పెరూలో ఇచ్చిన లాప్‌టాప్‌లలో దాదాపు 200 పుస్తకాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఆ పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో ఐదు పుస్తకాలకు మించి లేవు. ఆ లెక్కన ప్రతి పిల్లవాడి చేతికీ ఒక చిన్న గ్రంథాలయం వచ్చినట్టే. అయినా పిల్లల చదివే అలవాటు పెరగలేదు. ఆ పుస్తకాల్లో ఏది ముందు చదవాలో చెప్పేవారు, చదివాక ఏముందని అడిగేవారు లేరు. పాడైతే ఎవరు కట్టాలన్న భయంతో చాలా బడుల్లో లాప్‌టాప్‌లను ఇళ్లకే పంపలేదు. పరాగ్వేలోని కాకుపే పట్టణం చుట్టుపక్కల బడుల్లో ఈ పథకాన్ని దగ్గర నుంచి చూసిన పరిశోధకురాలు మోర్గన్ ఏమ్స్ కూడా, పగిలిన తెరలు బాగుచేయించుకోలేని కుటుంబాల గురించీ, పాటలకు, ఆటలకు, వీడియోలకే పరిమితమైన వాడకం గురించీ రాశారు. పిల్లలు ఆడుకోవడం తప్పు కాదు. చదువు పేరుతో కొన్నదాంతో చదువు చెప్పించే ఏర్పాటు లేకపోవడం తప్పు.

అదే లాప్‌టాప్‌తో ఉరుగ్వే వేరే దారిలో నడిచింది. 2007లో అధ్యక్షుడు తబారే వాస్కెస్ హయాంలో ‘ప్లాన్ సెయిబాల్’ పథకాన్ని కార్దాల్ అనే చిన్న ఊళ్లో మొదలుపెట్టి, 2009 నాటికి దేశంలోని ప్రభుత్వ ప్రాథమిక బడుల పిల్లలందరికీ లాప్‌టాప్‌లు అందించారు. తొలి ఏళ్ల ఫలితాలు అక్కడా నిరాశపరిచాయి. లెక్కల్లో, చదవడంలో ప్రభావం కనిపించలేదని అధ్యయనాలు తేల్చాయి. కానీ ఉరుగ్వే పథకాన్ని అటకెక్కించలేదు. దాన్ని నడిపించడానికి ఒక సంస్థను నిలబెట్టి, బడులకు ఇంటర్నెట్ వేయించి, మరమ్మతుల బాధ్యత తీసుకుని, ఆ యంత్రంతో ఏ పని చేయించాలన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంది.

దొరికిన జవాబుల్లో ఇంగ్లిష్ పాఠాలు ఒకటి. ప్రాథమిక బడుల్లో ఇంగ్లిష్ చెప్పగల టీచర్లు చాలినంతమంది లేరు. 2012లో బ్రిటిష్ కౌన్సిల్‌తో కలిసి వీడియో పాఠాలు మొదలుపెట్టారు. వారానికి ఒకసారి దూరాన ఉన్న టీచరు తెర మీద పాఠం చెబుతారు. మిగతా రెండు తరగతులు ఆ బడి టీచరే తీసుకుంటారు. ఆమెకు ఇంగ్లిష్ అంతంతమాత్రం. పిల్లలతోపాటు తానూ నేర్చుకుంటూ, ముందే అందిన పాఠ ప్రణాళికతో సాధన చేయిస్తారు. తెర ఆమె స్థానాన్ని తీసుకోలేదు, ఆమెకు తోడైంది. పెరూలో లోపించింది ఈ తోడే.

మన దేశంలో ఇలాంటి ఆధారం ఢిల్లీలో దొరికింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనీమియన్‌ల అధ్యయనం 2019లో అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారని మొదట తేలింది. బడి అయ్యాక నడిచే కేంద్రాల్లో ‘మైండ్‌స్పార్క్’ సాఫ్ట్‌వేర్ ఒక్కో పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో గుర్తించి అక్కడి నుంచే మొదలుపెట్టింది. 45 నిమిషాలు కంప్యూటర్, మరో 45 నిమిషాలు చిన్న గుంపుకు మనిషి పాఠం. నాలుగున్నర నెలల్లో, కేంద్రంలో సీటు దొరకని పిల్లలతో పోలిస్తే లెక్కల్లో వీరి ప్రగతి రెట్టింపు దాటింది. అయితే బడి పరీక్షల్లో లెక్కల మార్కులు పెరగలేదు. భాగహారం ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న పిల్లవాడికి ఆరో తరగతి ప్రశ్నపత్రం ఇస్తే అతను నేర్చుకున్నది ఎలా బయటపడుతుంది? మార్కులే చూసే అధికారి ఈ కేంద్రాల్ని దండగని మూసేసేవాడు.

ఈ వెలుగులో మన రాష్ట్రాల్ని చూడాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరు 21న మొదలుపెట్టి ఎనిమిదో తరగతి విద్యార్థులకూ టీచర్లకూ కలిపి సుమారు 5 లక్షల టాబ్‌లు పంచింది. వాటిలోని పాఠాలు ఇచ్చిన బైజూస్ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. పాఠం తయారుచేసినవారు నిలబడతారా లేదా అన్నదానితో సంబంధం లేకుండా పిల్లల చదువు సాగాలంటే, ఆ పాఠాల మీద హక్కు, వాటిని మార్చుకునే వీలు ప్రభుత్వ విద్యాశాఖ చేతిలో ఉండాలి. కొనుగోలు ఒప్పందం రాసేటప్పుడే తేల్చుకోవలసిన సంగతి ఇది. అదే రాష్ట్రంలో కొన్ని ఉన్నత పాఠశాలల్లో, పిల్లల స్థాయిని బట్టి పాఠం మారే సాఫ్ట్‌వేర్‌ను బడివేళల్లోనే, టైంటేబుల్‌లో పీరియడ్ కేటాయించి వాడుతున్నారు. పంపిణీ సభలకు వచ్చినంత ప్రచారం దీనికి రాలేదు. రావలసింది దీనికే.

భాష సంగతి మరీ ముఖ్యం. కెన్యాలో ఆర్థికవేత్త మైఖేల్ క్రెమర్ బృందం బడులకు పాఠ్యపుస్తకాలు ఉచితంగా ఇచ్చి చూస్తే, అప్పటికే బాగా చదివే పిల్లలకు తప్ప మిగతావారికి ఉపయోగం కనబడలేదు. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చాక, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లల చేతుల్లో ఇంగ్లిష్ వీడియో పాఠం పెడితే జరిగేది కూడా అదే. రెండు తెలుగు రాష్ట్రాలూ ఒకవైపు ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు ఇప్పటికే అచ్చువేస్తున్నాయి. తెర మీది పాఠాన్నీ అలాగే రెండు భాషల్లో చూపించి, పిల్లవాడు తడబడిన చోట తెలుగులో అడిగే వీలు కల్పించడానికి కొత్తగా ఒక్క యంత్రం కూడా కొనక్కర్లేదు.