84 బస్తాల ఫోను

2025 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ ఐఫోన్ 17 ప్రో మ్యాక్స్ అని ఒకటి వదిలింది. మన దేశంలో ధర 1,49,900 రూపాయలు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ఇచ్చిన మద్దతు ధర క్వింటాలుకి 2,369. అంటే మన 75 కిలోల బస్తా సుమారు 1,777 రూపాయలు. ఫోను ఖరీదు 84 బస్తాలు! ఎకరానికి 30 బస్తాలు పండితే దగ్గర దగ్గర మూడెకరాల సార్వా పంట. అదీ తేమ పేరుతో కోత, తరుగు లేకుండా మద్దతు ధర పూర్తిగా చేతికొస్తే. ఫొటోలు దాచుకునే జాగా 256 జీబీ నుంచి 512కి పెంచమంటే ఇంకో 20,000.

డబ్బున్నోళ్ల సరదా, మనకెందుకండీ అంటారు. సరదా అంతవరకే ఆగితే నేనూ మాట్లాడను. ఖరీదైన ఫోనులో మొదలైన పద్ధతులు కొన్నాళ్లకి మనం కొనే ఏడెనిమిది వేల ఫోన్లలోకి దిగుతున్నాయి.

2015 ఆగస్టులో షావోమి కంపెనీ మన శ్రీసిటీలో తయారైన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు సమక్షంలో విడుదల చేసింది. ధర 6,999. వెనక మూత గోటితో లేపితే బ్యాటరీ చేతిలోకి వచ్చేది. పాతదైపోతే కొత్తది మనమే వేసుకునేవాళ్లం. ఇప్పుడు పెనుగొండ సెంటర్లో ఏ షాపుకైనా వెళ్లి అలాంటి స్మార్ట్‌ఫోను అడగండి. కుర్రాడు నవ్వుతాడు. బ్యాటరీని లోపల అంటించి మూత బిగించేశారు. 2007లో వచ్చిన మొదటి ఐఫోను వేసిన దారి ఇది. 2020లో ఆపిల్ పెట్టెలోంచి ఛార్జరు తీసేసినప్పుడు శాంసంగ్ ఎగతాళి చేసింది. మూడు నెలలు తిరక్కుండా తనూ తీసేసింది. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగం తానే తగ్గిస్తున్నానని ఆపిల్ 2017 డిసెంబరులో ఒప్పుకుంది. కొన్నవాడికి ముందు చెప్పలేదు. అమెరికాలో కేసు పడితే 50 కోట్ల డాలర్ల వరకు ఇస్తానని 2020లో రాజీకొచ్చింది.

ఈ ఫోన్లు ఎవరిని చూసి చేస్తున్నారు? ఏసీ గదిలో పొడి వేళ్లతో కూర్చున్నవాణ్ణి చూసి. మిట్టమధ్యాహ్నం చేలో చవక ఫోను తెర కనపడదు. తడిచేత్తో నొక్కితే పలకదు. నాట్లేసి, కోతకోసి అరిగిన బొటనవేలిని గుర్తుపట్టదు. వెనక కెమెరాలు మాత్రం మూడు. మా ఊళ్లో ఓ కౌలు రైతుకి తెర పగిలితే బాగుచెయ్యడానికి ఫోను కొన్న ధరలో సగం అడిగారు. కొత్తది కొనుక్కోవడం మేలని సలహా కూడా ఇచ్చారు.

కొనకపోతే పోనీ అనడానికి లేదు. ఈ-క్రాప్, పీఎం కిసాన్ ఈకేవైసీ, ఓటీపీ అన్నీ ఫోనుతోనే ముడిపెట్టారు. 2024 నవంబరులో ధాన్యం అమ్మకానికి వాట్సాప్‌లో బుక్ చేసుకోండన్నారు. 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది, పాలనంతా వాట్సాప్‌లోనే అన్నారు. అదే జనవరి 1 నుంచి పాత కిట్‌క్యాట్ ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ పనిచెయ్యడం మానేసింది. ఫోను పాడవలేదు సుమా, కంపెనీ ఆపేసింది. ప్రభుత్వం వాట్సాప్ తలుపు తీసిన నెలలోనే పాత ఫోనున్నవాడికి ఆ తలుపు మూతపడింది.

ధర కంపెనీ ఇష్టం, నువ్వెవరు అడగడానికి అనేవాళ్లకి బీటీ పత్తి గుర్తుచెయ్యాలి. మోన్‌శాంటో రాయల్టీతో కలిపి 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 పైన అమ్మితే 2006లో మన రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కి వెళ్లింది. ధర 750కి దిగింది. ఆ 750కి అమ్మి కంపెనీ దివాలా తీసిందా? లేదు కదా!

పోనీ టెక్నాలజీ అంటే ఇలాగే ఉంటుందా? పక్కనే మార్టేరు ఉంది. అక్కడి పరిశోధనా స్థానం 1982లో స్వర్ణ, ఎంటీయూ 7029, విడుదల చేసింది. మసూరి పడిపోతోందని రైతు ఏడిస్తే పడని రకం కావాలని చేసిన పని అది. ఒరిస్సా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పోయింది. విత్తనం దాచుకుని మళ్లీ చల్లుకోవచ్చు. ఎవడి పాస్‌వర్డూ అక్కర్లేదు.

ఈ రోగం ఇప్పుడు ట్రాక్టర్లకీ అంటుకుంది. రిపేరు సాఫ్ట్‌వేర్ తన డీలర్ల దగ్గరే ఉంచుకుంటోందని జాన్ డీర్ మీద అమెరికా ప్రభుత్వ సంస్థే 2025 జనవరిలో దావా వేసింది. కొలరాడో రాష్ట్రంలో రైతు తన యంత్రం తాను బాగుచేసుకునే హక్కుకి 2023లో చట్టం వచ్చింది. ఐరోపాలో 2027 ఫిబ్రవరి నుంచి ఫోను బ్యాటరీ వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలని నిబంధన పెట్టారు. మన దగ్గర 2022 జులైలో కేంద్ర వినియోగదారుల శాఖ కమిటీ వేసింది. ఫోన్లతో పాటు వ్యవసాయ పరికరాలూ అందులో ఉన్నాయి. తర్వాత ఓ పోర్టల్ పెట్టారు. చట్టం మాత్రం లేదు.

కాబట్టి రెండు అర్జీలు రాద్దాం. ఒకటి ఢిల్లీకి: ఫోనుకైనా ట్రాక్టరుకైనా స్పేర్ పార్టులు, రిపేరు పుస్తకం బయట మెకానిక్‌కి ఇచ్చి తీరాలని చట్టం చెయ్యమని. రెండోది తహసీల్దారు గారికి: కొనుగోళ్లు మొదలయ్యేలోపు ప్రతి రైతు సేవా కేంద్రంలో ఫోను లేనివాడి పేరు కూడా చేత్తో రాసుకుని, ముద్రేసిన కాగితం రసీదు ఇవ్వమని. సంతకాలు గ్రామ కమిటీలు పోగుచెయ్యాలి. ముందు కౌలు రైతుల ఇళ్లకి వెళ్లండి.