సూది పట్టిన చేతికి పేరుండాలి

2024లో ప్రకటించిన పద్మశ్రీ పురస్కారాలలో సూదీదారాన్ని నమ్ముకొన్న ఇద్దరు ముస్లిం స్త్రీల పేర్లున్నాయి. ఒకరు లక్నో చికన్‌కారీ కళాకారిణి నసీమ్ బానో. మరొకరు పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో కాంథా కుట్టుకు పేరొందిన తక్దీరా బేగం. మనవారిలో ఎవరికైనా చిన్న రాజకీయ పదవి లభిస్తే వీధివీధినా ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఈ ఇద్దరిని గురించి మన సభలలో ఒక్క మాట వినిపించిన జ్ఞాపకం మాకు లేదు.

ఇది యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం. కుట్టుపని అనగానే మనకు స్ఫురించేది కుట్టుమిషన్ల పంపిణీ. అది నిరుపేదకు జాలితో అందించే ఆసరా అనుకొంటామే తప్ప, ఏళ్ల తరబడి సాధనతో సంపాదించుకొన్న విద్య అనుకొనము. ఆ పంపిణీ సభలలో అతిథులకు కప్పే శాలువాలపై పూలు కుట్టినది ఎవరని కూడా ఎవరూ అడగరు.

చికన్ పని ఎంతటి విద్యయో కొంత వివరంగా చెప్పుకొనవలసి ఉంది. ముందుగా పలుచని బట్టపై చెక్క అచ్చులతో, ఉతికితే పోయే రంగుతో పూలూ తీగలూ అద్దుతారు. ఆ గీతల వెంబడి కుట్టు సాగుతుంది. సాదాగా పరుగెత్తే కుట్టు టేప్చీ. బట్ట వెనుకవైపున దారం నింపి, ముందువైపు నీడవలె కనిపించేటట్లు చేసేది బఖియా. వరిగింజ ఆకారంలో వేసే ముడి మురీ, చిన్న గుండ్రని ముడి ఫందా. అన్నింటికన్న కష్టమైనది జాలీ. ఇందులో బట్టలోని ఒక్క పోగును కూడా తెంచరు. సూదిమొనతో పోగులను పక్కకు జరిపి, బిగించి, కిటికీ జాలీ వంటి రంధ్రాలు తీస్తారు. తరచుగా ఒకే కుర్తాపై ఒక రకం కుట్టు ఒకరి ఇంట, మరొక రకం మరొకరి ఇంట పూర్తవుతుంది. చివరకు ఉతికినప్పుడు అద్దకపు రంగు పోయి, తెల్లని బట్టపై తెల్లని పూలు మిగులుతాయి.

నసీమ్ బానో ఈ విద్యను తండ్రి వద్ద నేర్చుకొన్నారు. బట్ట వెనుకవైపు కుట్టు కనిపించని ‘అనోఖీ చికన్’ ఆమె ప్రత్యేకత. నేర్చినదానిని దాచుకొనక ఎందరో స్త్రీలకు నేర్పారు. తక్దీరా బేగం కూడా తమ ప్రాంతపు స్త్రీలకు శిక్షణ ఇచ్చినవారే. ఆమె చేపట్టిన కాంథా పుట్టిందే పాతబట్టల నుంచి. చిరిగిన చీరలను పొరలు పొరలుగా పేర్చి, ఆ చీరల అంచుల నుంచే లాగిన దారాలతో కుట్టేవారు. మన నానీలు, దాదీలు కుట్టిన బొంతలకూ దీనికీ దూరపు చుట్టరికం ఉన్నదనిపిస్తుంది. వారు కుట్టిన బొంతల కింద మనం నిద్రించాం, కాని వారిని కళాకారిణులని ఎన్నడూ అనలేదు.

లక్నో చికన్‌కు 2008లో భౌగోళిక గుర్తింపు లభించింది. మంచిదే. అయితే ఆ గుర్తింపు ఊరి పేరును, బట్ట పేరును కాపాడుతుంది. కుట్టిన ఆమె పేరును కాదు. వ్యాపారి నుంచి దళారికి, దళారి నుంచి గడపకు చేరే పనిలో అతి తక్కువ దక్కేది ఆమెకే. ముజఫ్ఫర్ అలీ 1986లో ‘అంజుమన్’ చిత్రం తీసినది ఈ చికన్ స్త్రీల గోడును గురించే. షబానా ఆజ్మీ అందులో అన్యాయపు కూలిని ప్రశ్నించే యువతిగా నటించారు. ఆ చిత్రం వచ్చి నలభై ఏళ్లు కావస్తున్నా అందులోని ప్రశ్న పాతబడలేదు.

పాలస్తీనా స్త్రీల ‘తత్రీజ్’ కుట్టును గమనిస్తే సూదికి ఎంతటి బలమున్నదో మరింత స్పష్టమవుతుంది. ఒకప్పుడు అక్కడి స్త్రీ ధరించిన గౌనుపై కుట్టును చూసి ఆమెది ఏ ప్రాంతమో చెప్పగలిగేవారు. 1948లో ఊళ్లు కోల్పోయి శరణార్థి శిబిరాలకు చేరినవారు ఆ నమూనాలను వెంట తీసుకొని వెళ్లారు. 1987లో ఇంతిఫాదా మొదలైన కాలాన, ఆక్రమిత ప్రాంతాలలో తమ జెండాను ఎగురవేయడం నిషిద్ధమై ఉండగా, స్త్రీలు దాని రంగులనూ తమ దేశపటాన్నీ గౌనులపై కుట్టుకొని ధరించారు. 2021లో యునెస్కో ఈ కళను మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. నేడు న్యూయార్క్‌లో ఉంటున్న జోర్డన్ నస్సార్ అనే పాలస్తీనా మూలాలు గల కళాకారుడు రమల్లా, హెబ్రాన్, బేత్లెహేము స్త్రీలతో కలిసి పనిచేస్తున్నారు. వారు తమకు నచ్చిన రంగులతో నమూనాలు కుట్టి పంపితే, మిగిలిన భాగంలో ఆయన కొండలనూ ఆకాశాన్నీ కుడతారు. రంగు ఎంచుకొనే అధికారం కుట్టే ఆమెది. మాకు అన్నింటికన్న నచ్చినది ఈ ఏర్పాటే.

ఇక మన గడప దగ్గరకు వద్దాం. హైదరాబాదు పాతబస్తీ మొదలుకొని మన చిన్న పట్టణాల దాకా మగ్గం పని సాగని పేట లేదు. నాలుగు కర్రల చట్రానికి బట్టను బిగించి, ఆరీతో జరీ, పూసలు, చమ్కీలు, కుందన్ రాళ్లు కుడతారు. మన తెలుగునాట పెళ్లికూతురు ఏ మతస్థురాలైనా, ఆమె రవికెపై ఈ పని ఉండవలసిందే. దుకాణం బోర్డుపై యజమాని పేరు ఉంటుంది. రాత్రివేళ కళ్లు చిట్లించుకొని, నడుము వంచి కూర్చొని కుట్టిన ఆమె పేరు ఎక్కడా ఉండదు. ముస్లిం స్త్రీలలో ఇంటినుంచే పనిచేసేవారు ఇతర స్త్రీలలోకన్న ఎక్కువ అని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక చెప్పింది. మేము దస్త్రాల మధ్య బ్రతికినవాళ్లం కనుక ఒక విషయం గట్టిగా చెప్పగలం. దస్త్రంలో లేని మనిషికి పథకం అందదు.

మా పేటలో దరఖాస్తులు నింపేటప్పుడు ఒకామెను వృత్తి ఏమని వ్రాయమంటారని అడిగాం. ‘‘నాకు వృత్తి ఏముంది చాచా, ఇంట్లోనే ఉంటాను కదా’’ అన్నది. ఇరవై ఏళ్లుగా ఆమె ఇంట్లో మగ్గం దిగలేదు! ఆమె మాటకు తగినట్లే ప్రభుత్వ జాబితాలూ ఉన్నాయి. 2023లో ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులను చేర్చారు. అందులో దర్జీ ఉన్నాడు, పూలమాలలు కట్టేవారు ఉన్నారు, చేపల వలలు అల్లేవారు ఉన్నారు. ఎంబ్రాయిడరీ కుట్టే స్త్రీకి ప్రత్యేకంగా స్థానం లేదు. ఇంటివద్ద పనిచేసేవారి హక్కుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడికను మన దేశం ఆమోదించనే లేదు. ఈ రెండింటిపైనా మన సంఘాలు వినతిపత్రాలు ఇవ్వవలసి ఉంది.

అంతవరకు చేతులు ముడుచుకొని కూర్చొననవసరం లేదు. కేంద్ర జౌళి శాఖ కింది హస్తకళల విభాగం ‘పహచాన్’ అనే కళాకారుల గుర్తింపు కార్డు ఇస్తున్నది. జరీ, ఎంబ్రాయిడరీ పనివారు దీనికి అర్హులే. మసీదు కమిటీలు తమ పరిధిలోని మగ్గం పని స్త్రీల జాబితా తయారుచేసి, ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలతో దరఖాస్తు చేయించవచ్చు. ఇంటర్ పిల్లలు ఇద్దరు కూర్చుంటే ఒక పేట పని పూర్తవుతుంది. రంజాన్ మాసంలో మిషన్ల పంపిణీకి అయ్యే వ్యయంలో పదోవంతు కూడా కాదు.

పెళ్లి రవికెలు కుట్టించే కుటుంబాలకు మరొక మనవి. బట్ట ఇచ్చేటప్పుడే కుట్టేది ఎవరని అడగండి. వీలైతే నేరుగా ఆమె ఇంటికే వెళ్లి, కూలి ఆమె చేతికే ఇవ్వండి. పెళ్లిలో ఎవరైనా ‘ఎక్కడ కుట్టించారు’ అని అడిగితే దుకాణం పేరుతో పాటు ఆమె పేరు కూడా చెప్పండి.