దుమ్ము ఒకటే, ఊపిరితిత్తులు వేరు

కోక్ ఓవెన్ల దగ్గర ఒకే షిఫ్టులో పాతికేళ్లు పనిచేసిన ఇద్దరిలో ఒకరు రిటైరయ్యాక కూడా హాయిగా తిరుగుతుంటారు. రెండో ఆయనకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఉక్కు పట్టణాల్లో దీన్ని 'ఒంటి తత్వం' అని సరిపెట్టుకుంటారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎంత అన్నదే చిక్కు.

భిలాయ్‌లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ కొలువుల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చే పొగలో క్యాన్సర్ కారక హైడ్రోకార్బన్లు ఉంటాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కోక్ తయారీని తన జాబితాలో మొదటి వర్గంలోనే చేర్చింది. కొలిమి లోపలి ఇటుకలు తొలగించేటప్పుడు లేచే సిలికా ధూళి వేరు.

ఈ విషాలను శరీరం ఎలా ఎదుర్కొంటుందన్నది అందరిలో ఒకేలా ఉండదు. వాటిని నిర్వీర్యం చేసే ఎంజైముల్లో ఒకదానికి మూలమైన జీఎస్‌టీఎం1 జన్యువు కొందరిలో పుట్టుకతోనే ఉండదు. అంతకన్నా స్పష్టమైన ఉదాహరణ 1963లో స్వీడన్‌లో బయటపడింది. కాలేయంలో తయారై ఊపిరితిత్తులను కాపాడే ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రొటీన్ లోపిస్తే చిన్న వయసులోనే ఎంఫిసీమా రావచ్చు. పొగ తాగితే మరీ త్వరగా వస్తుంది. అయితే ఇలాంటి ఒంటి జన్యువు కథలు అరుదు. 2023లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం దాదాపు 5.8 లక్షల మందిని పరిశీలించి, ఊపిరితిత్తుల సామర్థ్యంతో ముడిపడిన వెయ్యికి పైగా జన్యు సంకేతాలను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం చాలా స్వల్పం. పైగా వారిలో ఎక్కువమంది ఐరోపా మూలాల వారే. ఆ లెక్కను దుర్గ్ జిల్లాకు యథాతథంగా అతికించలేం.

ఇక్కడే నా భయం. జన్యు పరీక్ష చౌకయ్యేకొద్దీ దాన్ని ఉద్యోగంలో చేర్చుకునే ముందు జల్లెడగా వాడాలన్న ఆలోచన ఎక్కడైనా పుట్టవచ్చు. ఆ జల్లెడ ఎంత చిల్లులదో బెరీలియం పరిశ్రమ అనుభవం చెబుతుంది. ఆ లోహపు ధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకూ ఒక హెచ్‌ఎల్‌ఏ జన్యు రూపానికీ బలమైన సంబంధం ఉందని 1993లో తేలింది. కానీ అదే రూపం ఎంతోమంది ఆరోగ్యవంతుల్లోనూ ఉంది. అది లేనివారిలో కొందరికీ జబ్బు వచ్చింది. దాని ఆధారంగా ఎంపిక చేస్తే ఎప్పటికీ జబ్బుపడని వారికి పని పోతుంది, లోపలికి వెళ్లినవారికి మాత్రం ధూళి తగ్గదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఇది ఊహాజనిత సమస్య కాదు. సికిల్ సెల్ జన్యువు ఇక్కడ విస్తృతంగా ఉంది. జబ్బు ఉన్నవారి ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతిని ప్రాణం మీదికి రావచ్చు. కాని ఒకే కాపీ ఉన్న వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద పరీక్షలు జరుగుతున్నాయి. ఇది మంచి పనే. ఆ ఫలితం రోగి, వైద్యుల మధ్య ఉండాలి, యజమాని బల్ల మీద కాదు. జన్యు సమాచారంతో ఉద్యోగంలో వివక్ష చూపకుండా అమెరికా 2008లో చట్టం చేసుకుంది. మన దగ్గర 2018లో ఢిల్లీ హైకోర్టు ఆరోగ్య బీమా కేసులో జన్యు వివక్షను తప్పుబట్టింది. కొలువుల విషయంలో ప్రత్యేక చట్టం రావాల్సి ఉంది.

పరిశోధన ఆపమని కాదు. జీనోమ్ ఇండియా కింద 10 వేలమంది జన్యుక్రమాలు సిద్ధమయ్యాయి. అయితే ఎవరు ఎంత ధూళి పీల్చారో తెలియకపోతే జన్యువుల పాత్రను విడదీయలేం. అందుకు పనిచోట గాలి కొలతలు, ఏటేటా స్పైరోమెట్రీ ఫలితాలు కార్మికుడి పేరిట భద్రంగా ఉండాలి. కాంట్రాక్టరు మారినా ఆ రికార్డు తెగకూడదు. పర్మినెంటు ఉద్యోగికన్నా కాంట్రాక్టు కూలీకే అది ముందు కావాలి.