తీయనిచ్చుట వేరు, పంచనిచ్చుట వేరు



మాది తరతరాలుగా బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబము. నేను విశ్రాంత ప్రభుత్వ గుమాస్తాను. మా పేటలో ఎవరికి అర్జీ కావలసినా నా వద్దకే వచ్చుట వాడుక. గత సంవత్సరము ఒక తండ్రి వచ్చి, నిశ్చయమై తప్పిపోయిన సంబంధపు వరుడు తన కుమార్తె ఏకాంతపు ఫొటోలను పదిమందికి సెల్‌ఫోనులో పంపినాడని కంటతడి పెట్టెను. తీయనిచ్చినది అమ్మాయే గనుక కేసు నిలువదనియు, పరువు దక్కించుకొనుటయే మేలనియు నేను సలహా ఇచ్చితిని. అర్జీ వ్రాయలేదు.

"తీసుకోనిచ్చాను గాని, ఊరికి పంచమన్నానా తాతగారూ?" అని ఆ అమ్మాయి అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము చట్టములోనే కలదని తరువాత చదివి తెలుసుకొంటిని. 2013లో శిక్షాస్మృతిలో చేర్చిన 354-సి సెక్షను, 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షనుగా నున్నది. స్త్రీ ఫొటో తీయుటకు సమ్మతించినను, పంచుటకు సమ్మతింపనిచో పంచుట నేరమే. మొదటి నేరమునకు ఏడాదికి తక్కువ కాకుండ మూడేండ్ల వరకు ఖైదు, జరిమానా కలవు. పురుషులు బాధితులైనచో ఈ సెక్షను వర్తింపదు గాని, సమాచార సాంకేతిక చట్టములోని 66-ఇ సెక్షను ఆడ, మగ భేదము చూడదు.

ఇవి కాగితముమీది మాటలు కావు. పశ్చిమ బెంగాలులోని తమ్‌లుక్ కోర్టు 2018లో ఇట్టి కేసున ఐదేండ్ల ఖైదు విధించినది. 2020 నవంబరులో కటకములోని మన హైకోర్టు ఒక నిందితునికి జామీను నిరాకరించుచు, నేరస్థునికి శిక్ష యున్నది గాని, ఆ ఫొటోను శాశ్వతముగా తుడిపించుకొను హక్కునకు మార్గము లేదని విచారించినది. 2021 నియమములు తొలుత ఫిర్యాదు అందిన 24 గంటలలో తొలగించవలెనని కంపెనీలకు గడువు పెట్టినవి. కాని ఈలోగా పదిమంది తమ ఫోనులలో దాచుకొన్నచో, తొలగించినది మరల బయలుదేరును.

కావున ఆలస్యమే నేరస్థునికి బలము. మన కుటుంబములలో ఆ ఆలస్యము ఇంటి పెద్దల వలననే జరుగుచున్నది. సిగ్గుచే సందేశములను చెరిపివేయక సాక్ష్యముగా నుంచి, ఆనాడే ఫిర్యాదు చేయవలెను. కేంద్ర ప్రభుత్వ సైబరు నేరాల వెబ్‌సైటులో స్త్రీలు పేరు తెలుపకుండను ఫిర్యాదు చేయవచ్చును. ఒడియాలో అర్జీ వ్రాయలేక వెనుదీయువారికి మన తెలుగు సంఘములు తోడ్పడవలెను.

ఆ అమ్మాయిని కాలేజీ మాన్పించిరి. వరుడు సుఖముగా నున్నాడు. అందులో నా సలహాకును భాగము కలదు గనుకనే ఈ లేఖ వ్రాయుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం.